ఉద్యోగపు హడావుడిలో పరుగు ఎలా నిలుస్తుంది?

హైదరాబాద్‌ ఐటీ ఉద్యోగులపై జరిగి 2025లో వెలువడిన ఒక అధ్యయనంలో, పరీక్షించిన 345 మందిలో దాదాపు 84 శాతం మందికి కాలేయంలో ఉండవలసిన దానికంటే ఎక్కువ కొవ్వు చేరినట్లు తేలింది. గంటల తరబడి కదలకుండా కూర్చోవడం, వేళ తప్పిన భోజనం, తెగిపోయే నిద్ర, తగ్గని ఒత్తిడి ఇందుకు దారితీస్తాయన్నది అందరికీ తెలిసిన విషయమే. దానికి విరుగుడుగా వినిపించే సలహా కూడా తెలిసినదే: పొద్దున్నే లేచి కాసేపు పరుగెత్తాలి. ఆ సలహాతో కొత్త బూట్లు కొని ఉత్సాహంగా మొదలుపెట్టిన వారిలో ఎందరో, ఆఫీసులో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ రిలీజ్ వచ్చేసరికి ఆపేస్తారు. ఆగిపోయినందుకు తమ బద్ధకాన్నే నిందించుకుంటారు. నిజానికి చాలా సందర్భాల్లో లోపం మనిషిలో కంటే ఆ అలవాటును నిర్మించుకున్న తీరులోనే ఉంటుంది. తీరికగా ఉన్నవారికి సరిపోయే పద్ధతిని తీరిక లేనివారు యథాతథంగా అనుసరిస్తే, పని ఒత్తిడి పెరిగిన మొదటి వారంలోనే అది చెదిరిపోతుంది.

ఏ పనైనా 21 రోజులు చేస్తే అలవాటైపోతుందన్న నమ్మకం విస్తృతంగా ఉంది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాల పాటు పరిశీలించి 2010లో ప్రచురించిన ఫలితాలు ఈ నమ్మకాన్ని బలపరచవు. ఎంచుకున్న పని ఆలోచన అవసరం లేకుండా జరిగే స్థితికి చేరడానికి ఒక్కొక్కరికి 18 రోజుల నుంచి 254 రోజుల వరకు పట్టవచ్చని ఆ బృందం లెక్కగట్టింది. మధ్యస్థంగా చూస్తే 66 రోజులు. భోజనంతో పాటు నీళ్లు తాగడం వంటి చిన్న పనుల కంటే వ్యాయామం అలవాటు కావడానికి ఎక్కువ కాలం పట్టింది. అంటే పరుగు మొదలుపెట్టిన ఉద్యోగి రెండు మూడు నెలలు దాన్ని సంకల్పబలంతోనే లాక్కురావాలి. ఆ రెండు మూడు నెలల్లో ఒక రిలీజో, ఆడిటో, ఊరి ప్రయాణమో, పిల్లల పరీక్షలో రాకుండా ఉండవు. అయితే అదే అధ్యయనంలో ఊరటనిచ్చే మరో సంగతి ఉంది: మధ్యలో ఒక్కసారి తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడే క్రమానికి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు. ఒక్కరోజు మానేశాక ‘ఇక అయిపోయింది’ అనుకొని మొత్తం వదిలేయడమే అసలు నష్టం.

ఇక్కడ అలవాటు అన్న దాన్ని రెండుగా విడదీసి చూడాలి. బయలుదేరాలన్న నిర్ణయం దానంతట అదే జరిగిపోవడం ఒక అలవాటు. బయలుదేరాక ఎంత దూరం, ఏ వేగంతో పరుగెత్తాలన్నది అలవాటుగా సాగడం మరొకటి. ఎల్. అలిసన్ ఫిలిప్స్, బెంజమిన్ గార్డ్‌నర్ 2016లో ప్రచురించిన పరిశోధనలో ఈ రెండింటినీ వేరుచేసి కొలిచారు. ఎవరు ఎంత తరచుగా వ్యాయామం చేస్తారన్నది మొదటిదాని మీదే ఆధారపడిందని, రెండోదాని ప్రభావం పెద్దగా లేదని వారు గమనించారు. ఉద్యోగస్థులకు ఇంతకంటే పనికొచ్చే సమాచారం లేదు. రోజుకు ఐదు కిలోమీటర్లని లక్ష్యం పెట్టుకున్న వ్యక్తి, ముప్పావు గంట దొరకని రోజున పూర్తిగా మానేస్తాడు. బూట్లు వేసుకొని వీధి చివరి దాకా వెళ్లడమే లక్ష్యమైతే, పావుగంట మాత్రమే దొరికిన రోజున కూడా ఆ పని జరుగుతుంది. ఆ పావుగంట వల్ల ఊపిరితిత్తులకు ఎంత మేలు జరిగిందన్నది ఈ దశలో ప్రధానం కాదు. మరునాడు బయలుదేరడం తేలికవుతుంది, మొదటి మూడు నెలలకు అది చాలు.

ఆఫీసు నుంచి వచ్చాక సాయంత్రం పరుగెత్తుదామని అనుకునేవారికి ఎదురయ్యే ఇబ్బంది వేరు. రోజంతా కుర్చీలోనే ఉన్నా శరీరం బరువెక్కినట్లు, కాళ్లు కదలనన్నట్లు అనిపిస్తుంది. దీన్ని శారీరక అలసటగా భావించి మంచం మీద వాలిపోవడం సహజం. శామ్యూలె మార్కోరా బృందం 2009లో ప్రచురించిన ప్రయోగంలో 16 మంది పాల్గొన్నారు. వారు ఒకసారి 90 నిమిషాల పాటు ఏకాగ్రత అవసరమైన కంప్యూటర్ పని చేసి, మరోసారి అంతే సేపు మామూలు డాక్యుమెంటరీలు చూసి, ఆ తర్వాత చేతనైనంత సేపు సైకిల్ తొక్కారు. డాక్యుమెంటరీలు చూసిన రోజున సగటున 754 సెకన్లు తొక్కినవారు, మెదడుకు శ్రమ కలిగిన రోజున 640 సెకన్లకే ఆపేశారు. గుండె పనితీరులో గాని, కండరాలకు అందే శక్తిలో గాని ఆ తేడాను వివరించేంత మార్పు కనిపించలేదు. మారింది శ్రమ అనిపించే స్థాయి ఒక్కటే. ఎనిమిది గంటలు కోడ్ రాసిన, బ్యాంకు ఖాతాలు సరిచూసిన, తరగతి గదిలో పాఠాలు చెప్పిన మనిషికి సాయంత్రం పరుగు బరువుగా తోచడం బద్ధకం కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది. కాబట్టి సాయంత్రం పరుగెత్తేవారు వేగం గురించి మరచిపోవాలి. ఉదయం తేలికగా అనిపించిన వేగమే ఆ వేళ కష్టంగా ఉంటుంది. గడియారం చూసుకొని నిరుత్సాహపడటం కంటే, పక్కన ఉన్న వ్యక్తితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా సాగడమే మంచిది.

ఉదయమే మేలని దీంతో తేల్చేయడానికి వీల్లేదు. తెలుగు రాష్ట్రాల్లో ఐటీ, దాని అనుబంధ సేవల్లో ఉన్నవారిలో చాలామంది ఉదయం ఎప్పుడు మొదలవుతుందో అమెరికా గడియారం నిర్ణయిస్తుంది. అమెరికాలో అత్యధిక రాష్ట్రాలు మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతాయి. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలకు జరిగే మీటింగ్ హైదరాబాద్‌లో ఏప్రిల్‌లో సాయంత్రం 6:30కి వస్తే, డిసెంబరులో రాత్రి 7:30కి వస్తుంది. కాలిఫోర్నియాలో ఉదయం 9 గంటల మీటింగ్ అయితే వేసవిలో రాత్రి 9:30కి, చలికాలంలో 10:30కి మొదలవుతుంది. ఎండ బాధ లేని, పరుగుకు అన్ని విధాలా అనువైన నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు రాత్రి పని గంట ఆలస్యమవుతుందన్నమాట. ఆ నెలల్లోనే సూర్యోదయం కూడా ఆలస్యమవుతుంది. మే నెలాఖరులో 5:40 ప్రాంతంలో తెల్లవారే హైదరాబాద్‌లో జనవరిలో 6:45 ప్రాంతానికి గాని పొద్దు పొడవదు. వేసవిలో ఐదున్నరకు లేచి అలవాటు చేసుకున్న పరుగు నవంబరులో ఎందుకు చెదిరిపోయిందో అంతుపట్టక తమను తాము తిట్టుకునేవారు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. నవంబరు మొదటి వారంలోనే లేచే వేళను, పరుగు వేళను కలిపి గంట ఆలస్యం చేస్తే సరిపోయేదానికి చాలామంది పాత అలారంతోనే పోరాడుతూ నిద్ర పోగొట్టుకుంటారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువారికి ఇదే చిక్కు తిరగబడి ఎదురవుతుంది: హైదరాబాద్ బృందంతో మాట్లాడే కాల్స్ వారి తెల్లవారుజామునో, రాత్రి భోజనం తర్వాతో పడతాయి.

వేళ ఇలా మారిపోయే జీవితంలో రోజూ ఒకే సమయానికి పరుగెత్తాలన్న నియమం ఎంతవరకు పనిచేస్తుంది? దీనిపై ఉద్యోగుల మీదే జరిగిన ఒక పెద్ద ప్రయోగం ఉంది. జాన్ బెషియర్స్, కేథరిన్ మిల్క్‌మన్, మరికొందరు కలిసి గూగుల్ సంస్థలో దాదాపు 2,500 మంది ఉద్యోగులతో దాన్ని నిర్వహించారు. ఉద్యోగులంతా తమకు అనువైన వ్యాయామ వేళను ముందే ఎంచుకున్నారు. ఆ తర్వాత నాలుగు వారాల పాటు, ఒక వర్గానికి ఆ వేళకే జిమ్‌కు వస్తేనే డబ్బు ఇచ్చారు. మరో వర్గానికి ఏ వేళకు వచ్చినా ఇచ్చారు. కచ్చితమైన వేళ పాటించినవారే అలవాటును నిలుపుకుంటారని నిపుణులు సైతం అంచనా వేశారు. ఫలితం అందుకు విరుద్ధంగా వచ్చింది. డబ్బు ఆగిపోయాక కూడా జిమ్‌కు ఎక్కువగా వెళ్లినది ఏ వేళకైనా వెళ్లే స్వేచ్ఛ ఉన్నవారే. కచ్చితమైన వేళకు అలవాటు పడ్డవారు ఆ వేళ దాటిపోతే చాలావరకు ఆ రోజుకు మానేశారు. ఎంచుకున్న వేళకే ఎక్కువసార్లు వెళ్లడం వేళ తప్పనివారి బలం, అది తప్పితే మరో వేళకు వెళ్లలేకపోవడం వారి బలహీనత.

కనుక స్థిరమైన వేళ ఒకటి ఉండాలి, అది తప్పినప్పుడు ఏం చేయాలో కూడా ముందే నిర్ణయమై ఉండాలి. ‘ఉదయం కుదరకపోతే సాయంత్రం చూద్దాం’ అన్న మాట ఇందుకు చాలదు. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ దశాబ్దాలుగా పరిశోధించిన విషయం ఇదే: ఫలానా పరిస్థితి ఎదురైతే ఫలానా పని చేస్తానని వివరంగా అనుకున్నవారు, చేస్తానని మాత్రమే అనుకున్నవారి కంటే ఆ పని పూర్తి చేసే అవకాశం ఎక్కువ. రాత్రి కాల్ పదకొండు దాటితే మరునాటి ఉదయపు పరుగు రద్దు, దాని బదులు మధ్యాహ్నం భోజనానికి ముందు ఆఫీసు ప్రాంగణంలో ఇరవై నిమిషాలు. క్యాబ్‌లో ఇంటికి చేరేసరికి ఎనిమిది దాటితే బట్టలు మార్చుకునేటప్పుడే పరుగు బట్టలు వేసుకొని అపార్ట్‌మెంట్ చుట్టూ పది నిమిషాలు. ఇంత నిర్దిష్టంగా ఉంటేనే అలసిన మెదడు ఆ క్షణంలో వాదనకు దిగకుండా ఉంటుంది.

ఉద్యోగం చేస్తూనే పరుగులో శిఖరానికి చేరిన జపాన్ దేశస్థుడు యుకి కవావుచి ఉదాహరణ ఈ సందర్భంలో పరిశీలించదగినది. సైతమా ప్రభుత్వ ఉద్యోగిగా ఒక ఉన్నత పాఠశాలలో పూర్తికాలం పనిచేస్తూనే అతడు 2018 ఏప్రిల్‌లో చలిలో, జడివానలో బోస్టన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు. 1987 తర్వాత ఆ పోటీలో జపాన్ పురుషుడు విజేత కావడం అదే మొదటిసారి. వృత్తి క్రీడాకారులు సాధారణంగా రోజుకు రెండు పూటలా సాధన చేస్తారు. కవావుచి పని మధ్యాహ్నం మొదలై రాత్రి దాకా సాగేది కాబట్టి, అతనికి మిగిలింది ఉదయం ఒక్క పూటే; ఉద్యోగం తాకలేని ఆ పూటను పరుగుకు కేటాయించి, రెండో పూట లేని లోటును తరచుగా పోటీల్లో పాల్గొనడం ద్వారా పూరించుకున్నాడు. అతని దూరాలు, వేగాలు మామూలు ఉద్యోగికి అక్కరలేదు. తన రోజులో ఉద్యోగం చేరలేని భాగం ఏదో ముందు కనిపెట్టి, సాధనను దాని కొలతకు కత్తిరించుకున్న పద్ధతి మాత్రం ఎవరికైనా వర్తిస్తుంది.

ఎంత పరుగెత్తాలన్న ప్రశ్నకు సమాధానం చాలామంది ఊహించే దానికంటే చిన్నది. అమెరికాలో 55,137 మందిని సగటున 15 ఏళ్ల పాటు గమనించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు ఐదు నుంచి పది నిమిషాలు, అదీ గంటకు సుమారు తొమ్మిదిన్నర కిలోమీటర్ల లోపు వేగంతో పరుగెత్తినవారిలో కూడా గుండెజబ్బులతో మరణించే ముప్పు పరుగెత్తని వారి కంటే బాగా తక్కువగా కనిపించింది. ఇది పరిశీలన మాత్రమే, ప్రయోగం కాదు. ఆరోగ్యంగా ఉన్నవారే పరుగెత్తగలుగుతారన్న సందేహానికి తావుంది. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు సూచించేది కూడా వారానికి 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామమే. వారానికి మూడు రోజులు, రోజుకు పాతిక నిమిషాలైతే కనీస లెక్క నిండిపోతుంది. రోజూ పరుగెత్తి తీరాలన్న పట్టుదల కొత్తవారికి అనవసరం, తరచుగా హానికరం కూడా. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే కొత్త శ్రమకు అలవాటు పడతాయి. ఎముకలకు, కండరాలను ఎముకలతో కలిపే స్నాయువులకు నెలలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని మూడో వారంలోనే దూరం రెట్టింపు చేసినవారికి మోకాలి చిప్ప చుట్టూనో, కాలి ముందు ఎముక పొడవునో నొప్పి మొదలవుతుంది. ఏళ్ల తరబడి కుర్చీకి అంటుకుపోయిన తుంటి కండరాలతో, ఎత్తుపల్లాల హైదరాబాద్ రోడ్ల మీద, ఫ్లైఓవర్ల మీద మొదలుపెట్టేవారికి ఇది మరింత వర్తిస్తుంది. నిమిషం పరుగు, నిమిషంన్నర నడక చొప్పున మార్చి మార్చి ఇరవై నిమిషాలు సాగి, తొమ్మిది వారాల్లో అరగంట ఆగని పరుగుకు చేరే పద్ధతిని బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ విస్తృతంగా ప్రచారం చేసింది. ఆ తొమ్మిది వారాలను పద్నాలుగు చేసుకున్నా ఎవరికీ నష్టం లేదు. నలభై దాటినవారు, మధుమేహం, అధిక రక్తపోటు ఉన్నవారు, కుటుంబంలో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చిన చరిత్ర ఉన్నవారు డాక్టరును కలిశాకే మొదలుపెట్టాలి. ఛాతీలో బిగువు, కళ్లు తిరగడం వంటివి ఎదురైతే వెంటనే ఆగిపోవాలి.

నిద్రను కోసి పరుగుకు సమయం సంపాదించడం ఉద్యోగస్థులు ఎక్కువగా చేసే పొరపాటు. పెద్దవారికి రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్ర వైద్య నిపుణుల సంఘాలు 2015లో ఏకాభిప్రాయానికి వచ్చాయి. రాత్రి ఒంటిగంటకు పడుకొని ఐదింటికి లేచి పరుగెత్తడం క్రమశిక్షణలా కనిపిస్తుంది గాని, పది రోజుల్లో దాని ఫలితం ఆకలిలో, చిరాకులో, మానని కాళ్ల నొప్పుల్లో తేలుతుంది. ఉదయపు పరుగు నిజానికి ముందు రోజు రాత్రి భోజనంతో మొదలవుతుంది. మన నగరాల్లో రాత్రి పది గంటలకు అన్నం తిని, పన్నెండు దాకా ఫోన్ చూసే ఇళ్లు కొల్లలు. భోజనాన్ని ఎనిమిదికి జరపగలిగితే మిగతా మార్పులు వాటంతట అవే వస్తాయి. జరపలేని షిఫ్టులో ఉన్నవారు ఉదయపు పరుగు ఆలోచనను వదిలి, నిద్ర లేచిన గంట తర్వాతి వేళను, అది మధ్యాహ్నమైనా సరే, ఎంచుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఆ వేళకు ఆరుబయట పరుగెత్తడం ప్రమాదకరం. ఎండ తగ్గాకో, ట్రెడ్‌మిల్ మీదో తప్ప వేరే మార్గం లేదు.

ఇంతవరకు చెప్పిన వాటిలో పెద్ద భాగం ఉద్యోగం చేసే స్త్రీ విషయంలో మరో అడ్డంకి దాటాక గాని వర్తించదు. కేంద్ర ప్రభుత్వ 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనిలో పాలుపంచుకునే స్త్రీలు రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పరుగుకు అందరూ సిఫార్సు చేసే ఉదయం ఐదున్నర నుంచి ఏడు మధ్య కాలమే టిఫిన్, పిల్లల క్యారేజీలు, స్కూలు బస్సు వేళ. ఆ వేళలో ఆమె గంట సేపు బయటకు వెళ్లాలంటే వంటింట్లో మరొకరు ఉండాలి. వారానికి మూడు రోజులు ఆ పని భర్త చేయాలన్న ఏర్పాటు ఇంట్లో జరగకుండా, ఆమెకు పట్టుదల గురించి ఎంత ఉపదేశించినా ప్రయోజనం లేదు. మగవారి పరుగు అలవాట్లలో చాలా వాటికి ఇంట్లో మరొకరు త్వరగా లేవడమే ఆధారమన్న సంగతి కూడా మరచిపోకూడదు. వీధి దీపాలు లేని రోడ్డు, వెంటపడే కుక్కలు, తేరిపార చూసే మనుషులు ఇంటి బయట ఎదురయ్యే అడ్డంకులు. వెలుతురు వచ్చాక బయలుదేరడం, తెలిసిన ఇద్దరు ముగ్గురితో కలిసి వెళ్లడం వీటిని కొంత తగ్గిస్తాయి.

స్థలం విషయంలో నియమం ఒక్కటే: దగ్గరిదే మంచిది. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న బయటి నడకదారి, గచ్చిబౌలి స్టేడియం, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, నెక్లెస్ రోడ్డు పరుగెత్తడానికి ఎంతో అనువైనవి. విశాఖవాసులకు ఆర్కే బీచ్ రోడ్డు ఉంది. కానీ అరగంట పరుగు కోసం అరగంట బండి నడపవలసి వస్తే, ఆ ప్రయాణం ఆదివారాలకే సరిపోతుంది. పనిరోజుల్లో కాలనీ వీధి, అపార్ట్‌మెంట్ చుట్టూ ఉన్న దారి, దగ్గరలోని కాలేజీ మైదానం ఎంత సాదాగా ఉన్నా అవే మేలు.

ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ వంటి పోటీలకు పేరు నమోదు చేసుకోవడం చాలామందిని కదిలిస్తుంది. తేదీ దగ్గరపడుతున్న కొద్దీ సాధన క్రమబద్ధమవుతుంది, తోటివారు దొరుకుతారు. ఆఫీసు బృందాలు కలిసి నమోదు చేసుకున్నప్పుడు ఉదయపు మీటింగులకు కాస్త మినహాయింపు కూడా దొరుకుతుంది. దీనికి ఒక చిక్కు ఉంది: పోటీ అయిపోయిన మరుసటి వారం నుంచే పరుగు ఆగిపోయే ప్రమాదం. పోటీ కోసం పెంచిన దూరాలు పోటీతో పాటు ముగిశాక, వాటి కింద బయలుదేరే అలవాటు లేకపోతే ఏమీ మిగలదు. మొదటి ఏడాది పది కిలోమీటర్ల విభాగానికి మించి వెళ్లకపోవడం, పోటీ ముగిసిన తర్వాతి బుధవారానికే ఇరవై నిమిషాల పరుగును క్యాలెండర్‌లో రాసిపెట్టుకోవడం తెలివైన పని.

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా సెలవులకు ఊరికి వెళ్లడం, జ్వరం, ప్రాజెక్టు మార్పు వంటివి రెండు మూడు వారాల విరామం తెచ్చిపెడతాయి. తిరిగి మొదలుపెట్టేటప్పుడు ఆపిన చోటి నుంచి కాకుండా దానిలో సగం దూరం నుంచి, వారం పాటు నడక కలిపి మొదలుపెట్టడం కాళ్లకు క్షేమం. జ్వరం తగ్గిన తర్వాతైతే ఇంకా నెమ్మదిగా. షిఫ్టు మారినా, ఉద్యోగం మారినా, ఇల్లు మారినా పాత అలవాటును గుర్తుచేసే వేళ, దారి, మనుషులు ఒక్కసారిగా మాయమవుతాయి. అయితే అదే సమయంలో ఆ వేళల్లో స్థిరపడ్డ ఇతర అలవాట్లు కూడా సడలుతాయి కాబట్టి, కొత్త దినచర్య గట్టిపడకముందే, మొదటి వారంలోనే, అందులో పరుగుకు చోటు కేటాయించుకోవడం ఆ తర్వాత ఎప్పుడో కేటాయించుకోవడం కంటే తేలిక.